భీమిలిలో పడాల్సిన కాయితం

2003 నవంబరు, ఒక మధ్యాహ్నం. మద్దిలపాలెంలో మేడ మీది కంప్యూటరు ఆఫీసులో దుర్గ, ఆమె పక్క కుర్చీలో అదే ఆఫీసులో పనిచేసే పెద్దాయన నీలకంఠం మాస్టారు. ఫోనుకి అవతల భీమిలిలో, సముద్రం ఒడ్డున ఉన్న జాలర్ల సంఘం గదిలో, దుర్గ తల్లి గంగాలమ్మ.

"అది కాదమ్మా, ప్రింటరు పక్కన నిలబడమన్నాను. కిటికీ దగ్గర కాదు."

"నిలబడ్డానే అమ్మీ. ఇంకెంత పక్కన? దాని మీదెక్కి కూకోమంటావేటి?"

"పచ్చ లైటు ఎలుగుతందా?"

"ఎలుగుతంది. కందిగింజంత."

"కాయితాలు పెట్టేవా?"

"పెట్టేను. సంఘం ఎల్లారావు బాబు ఇచ్చిన కట్టలోవి. ఇంతకీ ఎంతసేపే? సేపలు ఎండలో ఆరబోసి వొచ్చేను. కాకులు ఊరుకుంటాయేటి?"

"ఈ ఒక్క పూటకి సేపలు వదిలీమ్మా. ఫోను స్పీకర్లో పెట్టేను. నీలకంఠం మాస్టారు కూడా ఇంటన్నారు."

"దండాలు బాబూ."

"నమస్కారం గంగాలమ్మగారూ. మీరు కాస్త ఓపిక పట్టాలి. మీ అమ్మాయి నలబై రోజుల్నించీ ఇదే పని మీదుంది. తిండీ తిప్పలూ లేవు. స్టీలు ప్లాంటులో పదిహేనేళ్ళు కంప్యూటర్లు చూసేను గానీ ఇంత మొండిఘటాన్ని చూళ్ళేదు."

"వాళ్ళయ్య పోలికే బాబూ. పడితే వొదల్డు."

"వొదల్డు కాదమ్మా..."

"వొదిలీవోడు కాదు. సర్లే. నోరు అలవాటు పడాల గదేటి."

"సరే, ఇను. మేం రాతపని చేసుకోడానికి ఒక సాఫ్టువేరుందమ్మా, ఎడిటరంటాం. దాన్లోంచే నాను ఇక్కడ కూకుని అక్కడ నీ పక్కనున్న కంప్యూటరుకి పని సెప్తాను. అది గాలి అంకెలు లెక్కేసి నోటీసు తయారుసేస్తాది. ఆ నోటీసు నీ ప్రింటర్లో వొస్తాది."

"నాకు తెలీదేటి? రెండేళ్ళయి నానే గదా అన్నం మెతుకులెట్టి బోర్డుకి అంటిస్తన్నాను. పెద్ద ఇంటూ గుర్తు ఉంటే అందర్నీ కేకెయ్యాల, తెప్పలు దింపొద్దనాల. ఇంటూ నేకపోతే ఎల్లొచ్చు. నువ్వు సెప్పిందే గదా."

"అదే. అక్టోబరు మూడో తారీకున నాను పంపిన నోటీసు మీకు రాలేదు కదా. ఆ ఎడిటర్లోనే ఏదో తప్పుంది. అంతకు ముందు రోజే కొత్తది ఎక్కించేరు. నాను మొత్తుకుంటన్నాను, ఇక్కడెవరూ వినట్లేదు."

"వినేవాడు వింటన్నాడమ్మా దుర్గా, నన్ను కూడా కలిపీకు."

"మీరు కాదు మాస్టారూ. మేనేజరుగారు."

"శ్రీరామ్మూర్తికి సంతకం పెట్టడం తప్ప ఏటొచ్చు? ఎడిటర్లో తప్పుంటే తను కొత్తది ఎక్కించమన్నందుకు తనకి చుట్టుకుంటాది. పిల్ల మర్చిపోయిందని రాసీడం సులువు."

"రాసీసేరు కూడా అమ్మా. రికార్డులో ఉంది. 'అక్టోబరు మూడు, భీమిలికి నోటీసు పంపలేదు. బాధ్యురాలు దుర్గ.' అంతే. రెండు లైన్లు. ఆ రోజు నించీ నోటీసులు పంపడవే ఆపించీసేరు."

"రాస్తే రాసుకోనీ. రాతకేటి, మడిసొస్తాడా?"

"రేపు సంఘం మీటింగులో పోతమ్మత్త అందరి ముందూ నన్ను నిలదీస్తాది. నువ్వు పంపేవా లేదా, సెప్పు అంటాది. మీ అయ్యని, నా మొగుడు సింహాద్రిని ముంచింది నువ్వు కాదా అంటాది. నాను ఏటి సెప్పాలి?"

"అదలా అనదులే. దాని నోరు అంతే గానీ..."

"అందమ్మా. మొన్న మద్దిలపాలెం బస్టాండులో అంది. నన్ను సూసి ఎక్కిన బస్సు దిగిపోయింది. నాను కూకున్న బస్సులో కూకోదంట."

"మొగుడు పోయిన దానికి మతి ఉంటాదేటే?"

"నీకూ పోయేడు కదా. నువ్వెప్పుడూ నన్ను ఒక్క మాట అనలేదే."

"నాను... నిన్నెందుకంటాను? పని కానీ నువ్వు."

"అమ్మా, నాకే అనుమానం వొచ్చీసింది, తెలుసా? ఒకో పూట నిజంగానే మర్చిపోయేనేమో అనిపిస్తాది. ఎంటరు నొక్కేను. ఈ ఏలుతోనే నొక్కేను. తప్పని మెషీను ఒక్క ముక్క సెప్పలేదు. పోయిందనుకున్నాను. ఫోను సేసి అడుగుదామంటే ఆ వారమంతా మీ గదిలో మాటాడే ఫోను సచ్చిపోయుంది, కంప్యూటరు లైనొక్కటే ఉంది. లేకపోతే అడిగేదాన్నే కదా! రోజూ అడిగేదాన్నే కదా!"

"ఏడవకే అమ్మీ. బాబూ, తమరైనా సెప్పండి."

"ఏడవనీండి. పొద్దున్నించీ ఆపుకుంటంది. దుర్గా, ఇటు చూడమ్మా. ఎడిటరు ప్రోగ్రాములో నువ్వు పొద్దున్న పట్టుకున్న లైను మళ్ళీ చూపించు. మీ అమ్మకి కూడా చెప్పు."

"ఇదిగో మాస్టారూ, ఇది. అమ్మా, నాను రోజూ ఏటి కొడతానంటే, నోటీసు ప్రోగ్రాము పేరు కొట్టి, పక్కన బాణం గుర్తు పెట్టి, ఫైలు పేరు కొడతాను. బాణం అంటే, వొచ్చిన రాత తీసుకెళ్ళి ఆ ఫైల్లో పొయ్యమని. ఫైలు భీమిలిలో ఉంది. పూర్తి పేరులో ముందు ఊరు ఉంటాది, తరవాత ఫైలు."

"ఊఁ."

"ఈ కొత్త ఎడిటరు రాత పోసేటప్పుడు పేరు సూసింది, ఊరు సూళ్ళేదు. ఊరు తీసి పక్కన పడీసింది."

"ఊరు నేకపోతే ఉత్తరం ఎక్కడికెల్తాది?"

"సబాష్ గంగాలమ్మగారూ! మా ఆఫీసులో ఈ ప్రశ్న ఎవడూ అడగలేదు. ఊరు లేకపోతే ఎక్కడికీ వెళ్ళదు. రాసినోడి ఇంట్లోనే పడుంటాది. దుర్గా, అదే పేరుతో మన మెషీన్లో ఏదైనా ఉందేమో చూసేవా?"

"మనదాంట్లోనా? మనదాంట్లో ఎందుకుంటాది మాస్టారూ?"

"చూడమ్మా."

"నలబై రోజులూ భీమిలి మెషీనే వెతికేను నేను. రోజూ వెతికేను. ఇక్కడ... ఒక్క నిమిషం... మాస్టారూ."

"ఉందా?"

"మాస్టారూ, ఉంది."

"తారీకు చదువు."

"అక్టోబరు మూడు. మధ్యాహ్నం మూడు గంటల పన్నెండు నిమిషాలు."

"తెరువు."

"మీరు తెరవండి."

"ఇదిగో. ఇంటూ. ఇంత లావు ఇంటూ. కింద, గాలి ఎక్కువ, వేటకి వెళ్ళరాదు. గంగాలమ్మగారూ, వింటన్నారా? మీ అమ్మాయి పంపింది. మూడు పన్నెండుకి పంపింది. అది భీమిలిలో పడకుండా ఇక్కడే, దీని కాళ్ళ దగ్గరే పడుంది."

"అమ్మా! నాను పంపేనమ్మా! పంపేను!"

"పంపేవని నాకు తెల్సే."

"ఎలా తెలుసు?"

"తల్లిని గదేటి."

"కాదమ్మా, నువ్వు ఊరికే అంటన్నావు. నాకిప్పుడు గదా తెలిసింది. నలబై రోజులు నా ఎదురుగానే ఉంది. నాను దీని ముందు కూకునే ఏడ్చేను. దీన్ని తెరిస్తే అయిపోయేది. ఆ రోజే మనదాంట్లో ఒకసారి సూసుంటే, మూడుంపావుకి సూసుంటే, అయ్య నాలుక్కి గదా ఎల్లేడు, నాను ఆటో ఎక్కైనా..."

"ఆటోలో భీమిలి గంట పడతాదే పిచ్చిదానా."

"నువ్వు మరీ లెక్కలు కట్టకు!"

"సరే, సరే. అరవకు. దొరికింది గదా. ఇంక సాలు. రేపు పోతమ్మ ముందు సెప్పీ. మిషను తప్పని సెప్పీ. నానింక ఎల్తాను, కాకులు..."

"ఆగండాగండి గంగాలమ్మగారూ. పని సగమే అయింది. ఈ ఫైలొక్కటే చూపిస్తే శ్రీరామ్మూర్తి ఒప్పుకోడు. తరవాత తయారుచేసి పెట్టేరంటాడు. తప్పు మళ్ళీ జరిపించి చూపించాలి. ఇక్కడ నొక్కితే ఇక్కడ పడింది, అక్కడ మీ దగ్గర ఏమీ రాలేదు అని రెండు వైపులా రాయాలి. మీరు సాక్షి."

"నానేటి సాచ్చికం బాబూ, వేలిముద్ర దాన్ని."

"కళ్ళున్నాయి కదా. చాలు."

"అమ్మా, ఇంకో పది నిమిషాలు. ముందు ఆ రోజు ఎలా పంపేనో అలాగే, ఏటీ మార్చకుండా పంపుతాను."

"పాతదెందుకే? బాగుసేసింది పంపు. అది సూసి సెప్తాను."

"రోగం సూడకుండా తగ్గిందని ఎలా సెప్తాం? ఆ రోజు ఫైలు వేరే పేరుతో దాచీసేను మాస్టారూ. ఇప్పుడు కొడతన్నాను."

"నాకిదేం బాగుండ్నేదు అమ్మీ. ఆ రోజు పని మళ్ళీ సెయ్యడం ఏటి? మంచిది కాదు."

"ఏటవుద్దమ్మా ఇంక? కొత్తగా ఏటవుద్ది? మనింట్లో మిగిలింది మనిద్దరవే. కొట్టీసేను. సూడు."

"ఊఁ."

"అమ్మా?"

"సూస్తన్నాను."

"చప్పుడు వినబడతంది. ప్రింటరు చప్పుడే కదా అది, మాస్టారూ?"

"అలాగే ఉంది."

"అమ్మా, వొచ్చిందా?"

"నేదు."

"చప్పుడు వొచ్చింది కదా."

"చప్పుడే. ఊరికే గురక పెట్టింది. ఏటీ రాలేదు."

"సరిగ్గా సూడు. కిందేమన్నా పడిందేమో."

"ఏటీ రాలేదంటంటే! నా మీద నమ్మకం నేదేటి నీకు?"

"అరుస్తావెందుకు? రాలేదు కదా, సరే. మాస్టారూ, రాలేదంట. ఇక్కడేమో పడింది. ఇదిగో, ఇప్పటి టైముతో. ఆ రోజు జరిగిందే జరిగింది."

"రాసుకుంటన్నాను. మద్దిలపాలెంలో ఉంది. భీమిలిలో ఏమీ రాలేదు. సరే, ఇంక బాగుచెయ్యి."

"ఒక్క లైనేనండి. ఇక్కడ పేరొక్కటే పట్టుకెళ్తంది. దాన్ని ఊరితో సహా పట్టుకెళ్ళమని రాస్తే చాలు. అయిపోయింది. చూసేరా? ఇంత ముక్క. దీనికి ఇద్దరు మనుషులు."

"దుర్గా."

"బాగానే ఉన్నాను మాస్టారూ. ఎడిటరు మళ్ళీ తెరవాలి. అమ్మా, రెండు నిమిషాలు. ఈలోగా ఒకటడుగుతాను, సెప్తావా?"

"ఏటి?"

"నాకు ఒకటే అర్థం కావట్లేదమ్మా. ఆ రోజు మన ఒడ్డున ఒక్క తెప్ప కదల్లేదు. మబ్బు సూసి అందరూ ఆగిపోయేరు. కుర్రోళ్ళు కూడా ఆగిపోయేరు. అయ్యొక్కడే ఎల్లేడు. ఆయన మాటిని సింహాద్రి మావ ఎల్లేడు. నలబై ఏళ్ళు సముద్రం మీద బతికినోడికి మబ్బు తెలీదా?"

"తెలీకేం."

"మరెందుకెల్లేడు?"

"ఏమోనే. ఆయన బుద్ది. ఆకలి."

"ఆకలేటి? ముందురోజే గదా వొంజరం సేపలు పడ్డాయి, నాకు కూడా పంపేవు. పైగా కాయితం సూడకుండా తెప్ప దింపొద్దని ఒడ్డంతా తిరిగి సెప్పిందే అయ్య. కాయితం రాని రోజు తను కూకుండిపోయేవాడు. చదవడం రాకపోయినా ఎనక్కీ ముందుకీ తిప్పి సూసేవాడు. 'మా దుర్గ పంపింది' అని అందరికీ సూపించేవాడు. అలాంటోడు కాయితం రాకుండా ఎలా ఎల్లేడమ్మా?"

"ఎల్లిపోనాడు. అంతే. ఎల్లినోడిని అడుగుతావా ఇప్పుడు?"

"నిన్నడుగుతన్నాను. నువ్వు ఒడ్డునే ఉన్నావు కదా."

"నాను గది ఊడుస్తన్నాను. నాను సూళ్ళేదు."

"మొన్న ఒడ్డునే ఉన్నానన్నావు."

"ఊడ్సి ఎల్లేను. ఏటే ఇది, పోలీసోల్లాగ! పంపుతావా, ఫోను పెట్టీమంటావా?"

"పంపుతన్నానమ్మా. కోప్పడకు. ఇదిగో. ఇది కొత్తది. కొట్టేను."

"ఒస్తంది. ఓలమ్మో, ఒస్తందే! నల్లగా ఒస్తంది. ఇంటూ! పెద్ద ఇంటూ ఒచ్చింది అమ్మీ!"

"వొచ్చిందా? నిజంగా వొచ్చిందా? మాస్టారూ!"

"వింటన్నానమ్మా. వింటన్నాను. కళ్ళు తుడుచుకో."

"ఇక్కడ ఏటీ పడలేదు మాస్టారూ. చూడండి. అక్కడే పడింది. అమ్మా, కింద రాతలు కూడా ఉన్నాయా?"

"ఉన్నాయి. మూడు వరసలు. సివర్న సుక్క."

"అదే. అదేనమ్మా. సరిగ్గా అదే. ఆ రోజు నీ చేతిలో పడాల్సింది అదే."

"ఎంత నల్లగా ఉందే... సీకట్లో అయినా కనబడతాది."

"ఏడుస్తన్నావా?"

"నేదు. పొడి కళ్ళల్లో పడింది. ప్రింటరు పొడి."

"ఏడువమ్మా. నలబై రోజులయింది, ఒక్కసారి కూడా ఏడవలేదు నువ్వు. సింహాద్రి మావని ఒడ్డుకి తెచ్చిన రోజు కూడా ఏడవలేదు. అయ్య ఇంకా దొరకలేదు కదా, ఎందుకేడవాల అన్నావు. ఇంక ఏడువు. మన తప్పు లేదమ్మా. నాది లేదు, నీది లేదు, అయ్యది లేదు. రేపు మీటింగులో ఈ కాయితం పట్టుకుని నిలబడతాను. పోతమ్మత్త కాళ్ళు పట్టుకునైనా నమ్మిస్తాను. మాస్టారూ, రిపోర్టు ఇప్పుడే రాసీద్దామా?"

"రాద్దాం. ఒక్క నిమిషమాగు. నువ్వు మార్చిన లైనుకి పైనున్నది చదివేవా?"

"ఏది?"

"ఇది. ఫైలు తెరిచే లైను. ఇక్కడ ఊరు కూడా పట్టుకునే ఉంది కదా. ఇది నువ్వు మార్చేవా?"

"లేదండి. అది నేను ముట్టుకోలేదు. మొదట్నించీ అలాగే ఉంది."

"మరైతే... దుర్గా, ఇది తెరిచేది భీమిలి ఫైలునే. తెరిచి, లోపలున్నది తుడిచి, ఖాళీ చేస్తంది. తరవాత పోసేటప్పుడే ఇక్కడ పోసింది. గిన్నె అక్కడ కడిగి పెట్టి, కూర ఇక్కడ వడ్డించినట్టు."

"అయితే?"

"అయితే ఆ రోజు కూడా భీమిలి ఫైలు ఖాళీ అయ్యుండాలి. ఆ ఫైలుని ముట్టుకుంటే చాలు, ప్రింటరు కాయితం తోస్తాది. అలా పెట్టింది నువ్వే."

"ఖాళీ ఫైలు ప్రింటయితే..."

"తెల్ల కాయితం వస్తాది."

"రాలేదు కదా మాస్టారూ. అమ్మ సూసింది కదా. ఇప్పుడు కూడా రాలేదంది."

"చప్పుడొచ్చింది."

"చప్పుడు..."

"ప్రింటరు ఎన్ని కాయితాలు తోసిందో ఆ మెషీను లెక్క రాసుకుంటాది. ఇవాళ్టిది తియ్యి."

"తీస్తన్నాను. అమ్మా, లైన్లో ఉన్నావా?"

"ఉన్నాను."

"ఇవాళ... రెండు మాస్టారూ. రెండు కాయితాలు."

"ఇంటూ ఒకటి. రెండోది?"

"అమ్మా, ఇందాక కాయితం వొచ్చిందా?"

"ఒచ్చింది."

"మరి రాలేదన్నావెందుకు?"

"దాని మీద ఏటీ నేదు అమ్మీ. తెల్లది. ఏటీ నేని దాన్ని ఒచ్చిందంటారేటి? బొడ్లో దోపీసేను."

"దోపీడమెందుకు? కిందెట్టీకుండా బొడ్లో ఎందుకు దోపేవు?"

"దుర్గా, నెమ్మది. పెద్దావిడ."

"మాస్టారూ, అక్టోబరు మూడో తారీకుది కూడా తీస్తాను."

"ఇవాల్టికి వదిలీమ్మా. నీ తప్పు లేదని తేలిపోయింది కదా. మిగతాది రిపోర్టుకి అక్కర్లేదు."

"రిపోర్టుకి కాదండి. నాకు. ఇదిగో... ఒకటి. మూడు గంటల పదమూడు నిమిషాలకి ఒక కాయితం. అమ్మా, ఆ రోజు కాయితం వొచ్చింది. రాలేదన్నావు. పోలీసులకి రాలేదన్నావు. పోతమ్మత్తకి రాలేదన్నావు. నా నెత్తి మీద సెయ్యేసి రాలేదన్నావు. నువ్వు రాలేదన్నావనే గదా నాను నలబై రోజులు దార్లో ఎక్కడ పోయిందా అని వెతికేను! ఒక్క తెల్ల కాయితం వొచ్చిందని సెప్పుంటే ఒక్క పూటలో పట్టుకునేదాన్నమ్మా!"

"పట్టుకుంటావనే సెప్పనేదు."

"ఏటీ?"

"నువ్వు పట్టుకుంటావనే సెప్పనేదే అమ్మీ. పట్టుకుంటే అడుగుతావు. అడిగితే నాను సెప్పాల."

"గంగాలమ్మగారూ, నేను బయటికెళ్తాను. మీరిద్దరూ మాట్లాడుకోండి."

"వొద్దు బాబూ, ఉండండి. దాని పక్కనెవరో ఒకరుండాల. అమ్మీ, ఆ కాయితం ఒచ్చింది. సూసేను. అటూ ఇటూ తిప్పి సూసేను. ఇంటూ నేదు. ఇంటూ నేకపోతే ఎల్లొచ్చని నువ్వే గదా నేర్పేవు. తెల్లగా ఉందంటే సముద్రం కూడా అలాగే ఉందనుకున్నాను. రాతలు నేవేటని అనుమానం రాలేదు నాకు. నాకు రాతలున్నా ఒకటే, నేకపోయినా ఒకటే."

"నాను నేర్పేనా... అవును. నానే నేర్పేను."

"అదే, అలా అంటావనే సెప్పనేదు. నీ తప్పు కాదే. మిషను తప్పూ కాదు."

"మిషను తప్పేనమ్మా, ఇప్పుడే సూసేం కదా. నువ్వేటి సేస్తావు? కాయితం సూసి బోర్డుకి అంటించేవు. అయ్య అది సూసి ఎల్లేడు. అంతే కదా?"

"బోర్డుకి అంటించనేదు."

"మరి?"

"సేత్తో పట్టుకుని ఒడ్డుకి పరిగెట్టేను. అందరూ తెప్పలు ఎనక్కి లాగీసేరప్పటికే."

"మరి అయ్య?"

"ఆయనా లాగీసేడు. తాడు సుట్టేస్తన్నాడు."

"లాగీసేడా? అంటే... మబ్బు సూసేడా?"

"సూసేడమ్మా. నాకన్నా ముందే సూసేడు. 'ఈ పూట మనసొప్పట్నేదే గంగాలూ, వొద్దులే' అన్నాడు. ఇంటి మొహం పట్టీసేడు. అందరూ సూస్తన్నారు, నాకేమో నా కూతురంటే గొప్ప... నానే ఆ తెల్ల కాయితం ఆయన మొహం ముందు ఆడించి, 'సదువుకున్న నీ కూతురి కన్నా నీకెక్కువ తెల్సేటి, ఎల్లు' అన్నాను."